చెమట పట్టే కార్బురెటరు

ధనుర్మాసంలో తెల్లవారుజామున బందరు నుండి గుడివాడ పోయే రోడ్డు మీద పాత పెట్రోలు కారులో ప్రయాణం చేసిన వారికి ఈ అనుభవం కొత్త కాదు. సార్వా కోతలైన మళ్ళ మీద, కాలువ గట్ల మీద మంచు దట్టంగా పరచుకొని ఉంటుంది. ఇంజను స్టార్టు కావటమైతే అవుతుంది. కాని మొదటి నాలుగైదు కిలోమీటర్లూ తడబడుతూనే ఉంటుంది. ఎక్సిలేటరు తొక్కితే దగ్గుతుంది, వదిలితే ఆగిపోతుంది. డ్రైవరు చోకు సగం లాగిపెట్టి ఎట్లాగో నెట్టుకు వస్తాడు. బండి ఆపి బానెట్టు ఎత్తి చూస్తే ఒక వింత కనబడుతుంది. పక్కనే సైలెన్సరు గొట్టం చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నా, కార్బురెటరు అడుగున ఉండే మెడ మాత్రం చల్లగా ఉండి, ఐసు వేసిన గ్లాసు మాదిరిగా పైన నీటి బొట్లు కారుతూ ఉంటుంది.

"పెట్రోలులో నీళ్ళు కలిశాయండీ" అని చూసినవారు అంటారు. కలిస్తే కలిసి ఉండవచ్చు. కాని ఆ బొట్లకు దానితో సంబంధం లేదు. అవి బయటి గాలిలోని తేమ. ఆ మెడ ఎందుకంత చల్లబడింది, దాన్ని వేడిచేయటానికి కొందరు మెకానిక్కులు కార్బురెటరు కింద అమర్చే వేడి పలక ఎట్లా పనిచేస్తుంది, మన డెల్టాలో అది ఎంతవరకు అవసరం అన్నది చూద్దాం.

అరచేతిలో కాస్త స్పిరిటు పోసుకొని ఊదితే చల్లగా తగులుతుంది. ద్రవం ఆవిరి కావటానికి వేడి కావాలి. పొయ్యి మీద లేకపోతే ఆ వేడిని చేతి నుండే తీసుకుంటుంది. వేసవిలో కూజాలో నీరు చల్లబడేది కూడా ఈ కారణం వల్లనే గదా! ఉష్ణోగ్రతను పెంచకుండా, కేవలం ద్రవాన్ని ఆవిరిగా మార్చటానికి ఖర్చయ్యే ఈ వేడిని గుప్తోష్ణం అంటారు. 1760ల దశకంలో స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్ దీనిని మొదట కొలిచి చూపాడు. ఒక గ్రాము నీరు ఆవిరి కావటానికి సుమారు 540 కెలోరీలు కావాలి. పెట్రోలుకు అంత అక్కరలేదు; గ్రాముకు 80 కెలోరీలకు కొంచెం పైగా చాలు.

ఇప్పుడు కార్బురెటరు లోపలికి పోదాం. ఇంజను గాలిని పీలుస్తుంటే, ఆ గాలి ఒక ఇరుకైన గొంతు గుండా వేగంగా పోతుంది. అక్కడ పీడనం తగ్గి, జెట్టు అనే సన్నని రంధ్రం నుండి పెట్రోలు తుంపరగా బయటికి వస్తుంది. ఒక గ్రాము పెట్రోలు సరిగా మండటానికి దాదాపు 15 గ్రాముల గాలి కావాలి. ఆ పెట్రోలు అంతా అక్కడికక్కడే ఆవిరైతే, దానికి కావలసిన 80 కెలోరీలూ ఆ 15 గ్రాముల గాలి నుండే రావాలి. గ్రాము గాలిని ఒక డిగ్రీ చల్లబరిస్తే వచ్చేది కెలోరీలో పావు వంతు కూడా కాదు. లెక్క వేస్తే పొడి గాలి సుమారు 20 డిగ్రీలు చల్లబడవలసి ఉంటుంది. మచిలీపట్నంలో జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 19, 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందులో నుండి 20 తీసివేస్తే మిగిలేది సున్న, అనగా మంచు గడ్డకట్టే ఉష్ణోగ్రత!

అయితే మన గాలి పొడి గాలి కాదు. సముద్రం ఒక ప్రక్క, కాలువలు, చెరువులు, తడి మళ్ళు మరొక ప్రక్క ఉన్న ఈ ప్రాంతంలో తెల్లవారుజామున గాలి తేమతో నిండి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 17 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములకు పైచిలుకు మాత్రమే. కనుక గాలి చల్లబడగానే మిగిలిన నీరు బొట్లుగా విడిపోతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలోని గుప్తోష్ణాన్ని తిరిగి ఇచ్చివేస్తుంది. ఆ మేరకు చల్లబడటం తగ్గుతుంది. అందుచేత తేమ గాలి సున్నదాకా పోక, సగటున 10 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. మన తేమే మనకు కొంత రక్ష అన్నమాట.

ఒక అంబాసిడరు కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, లీటరుకు 10 కిలోమీటర్ల చొప్పున పోతున్నదనుకోండి. గంటకు 5 లీటర్లు, అంటే సెకనుకు సుమారు ఒక గ్రాము పెట్రోలు ఖర్చవుతుంది. దానితోబాటు నిమిషానికి ముప్పాతిక ఘనపు మీటరు గాలి లోపలికి పోతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ గాలి నుండి నిమిషానికి ఒక టీ చెంచాడు నీరు కార్బురెటరు మెడలోనే విడిపోతుంది. ఇంజను ఈ నీటిని పెట్రోలుతో సహా మింగివేస్తుంది. దానివల్ల వచ్చే నష్టం స్వల్పం. కాని సగటు 10 డిగ్రీలంటే అన్ని చోట్లా 10 డిగ్రీలని కాదు. సీతాకోకచిలుక రెక్కలా తిరిగే త్రాటిల్ రేకు అంచున గాలి మరింత వేగంగా పోతుంది, అక్కడే పెట్రోలు పొరగా అంటుకొని ఆవిరవుతుంది. అక్కడ సున్నకు తక్కువకు దిగితే ఈ నీరే మంచై పేరుకొని దారిని మూస్తుంది. విమానాలు నడిపే వారికి ఇది ప్రాణగండం. బయట 25 డిగ్రీలు ఉన్న రోజున కూడా, గాలిలో తేమ ఉండి ఇంజను తక్కువ శక్తితో నడుస్తుంటే కార్బురెటరులో మంచు పట్టవచ్చునని వారికి మొదటి పాఠాలలోనే నేర్పుతారు. కార్బురెటరు ఉన్న విమానాలలో వేడి గాలిని లోపలికి మళ్ళించే మీట ఒకటి అందుకోసమే ఉంటుంది.

మన కార్లలో మంచు గడ్డకట్టటం అరుదు. అసలు నష్టం మరొక చోట ఉన్నది.

పెట్రోలు ఒకే పదార్థం కాదు. 35 డిగ్రీల దగ్గర మరిగే తేలిక నూనెలు మొదలుకొని 200 డిగ్రీలు దాటితే గాని మరగని బరువు నూనెల దాకా ఉన్న మిశ్రమం. చల్లని మెడలో తేలిక భాగం ఆవిరై పోతుంది. బరువు భాగం గోడలను అంటుకొని పొరగా జారుతుంది. నాలుగు సిలిండర్లకు దారులు చీలే చోట గాలి సులభంగా మలుపు తిరుగుతుంది గాని, ఈ తడి పొర తిరగదు. ఒక సిలిండరుకు పెట్రోలు ఎక్కువ, మరొక దానికి తక్కువ అందుతుంది. ఇంజను తడబడేది ఇందువల్లనే. డ్రైవరు చోకు లాగటమంటే ఇంకా ఎక్కువ పెట్రోలు కుమ్మరించటమే. అందులో ఆవిరైన భాగమైనా మండుతుందని ఆశ. మండని భాగం సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగివేసి, పిస్టను రింగుల సందుల నుండి కిందికి దిగి ఇంజను ఆయిలులో కలుస్తుంది. డిప్ స్టిక్కు తీసి చూస్తే ఆయిలు మట్టం తగ్గవలసింది పోయి పెరిగి కనబడుతుంది. "మా ఇంజను ఆయిలు తాగదు" అని మురిసిపోయే వారు ఒకసారి ఆ నూనెను వాసన చూడటం మంచిది. పలుచబడిన నూనెతో నడిచిన బేరింగుల ఆయువు ఎంత? పాత ఇంజనుకు కొత్త బోరు వేయించటానికి, రింగులు మార్చటానికి అయ్యే ఖర్చు ఎంతో బండి ఉన్న ప్రతివారికీ తెలుసు.

ఈ జబ్బుకు మందు ఇంజనులు కనిపెట్టిన వారికి తొలినాళ్ళ నుండీ తెలిసిందే. కిరసనాయిలు 150 డిగ్రీలు దాటితే గాని మరగటం మొదలుపెట్టదు. కనుక 1917లో అమెరికాలో తయారు కావటం ప్రారంభించిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరుకు, పొగ గొట్టపు వేడితో కిరసనాయిలును ఆవిరి చేసే ఏర్పాటు పెట్టారు. పెట్రోలుతో మొదలుపెట్టి, ఇంజను కాగిన తరువాత కిరసనాయిలుకు మార్చాలి. పొలంలో చిన్న నీటి పంపులు వాడినవారికి ఈ పద్ధతి పరిచితమే. మొద్దుగా చెప్పాలంటే, ఆ మార్పు కాస్త తొందరగా చేసి పంపు ఆగిపోయినప్పుడల్లా రైతు గుప్తోష్ణం పాఠం చదువుకున్నట్లే. 2014 వరకు తయారైన అంబాసిడరు విషయానికి వస్తే, దాని మాతృక అయిన ఇంగ్లీషు మోరిస్ కారు ఇంజనులో పొగ పోయే గొట్టం, గాలి వచ్చే గొట్టం రెండూ ఒకే ప్రక్కన, ఒకదానికొకటి ఆనుకొని ఉండేటట్లు అమర్చారు. మధ్యలో గోడ ఒకచోట కలిసి వేడెక్కుతుంది. తడి పొర సరిగ్గా అక్కడ పడి ఆవిరి కావాలని ఉద్దేశం. ఇంజను కాగిన తరువాత ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. కాని ఏళ్ళ తరబడి మసి పేరుకున్నా, మరమ్మతులో వేరే గొట్టం వేసినా ఆ వేడి అందదు. కార్బురెటరు దూరంగా ఉండే కొన్ని ఇంజనులలో అసలే అందదు.

ఇంతలో ఇంధనమే మారింది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపటం అమలులోకి వచ్చింది. చెరకు, మొక్కజొన్నలతోబాటు నూకల నుండి కూడా ఇథనాలు తీస్తున్నారు గనుక, మన డెల్టా పంట కూడా కొంత పెట్రోలు ట్యాంకులోకి చేరుతున్నదని అనుకోవచ్చు. అది అట్లా ఉంచి లెక్కకు వద్దాం. ఇథనాలు గుప్తోష్ణం గ్రాముకు 200 కెలోరీలు. ఇరవై పాళ్ళు కలిస్తే మిశ్రమానికి గ్రాముకు సుమారు 108 కెలోరీలు అవుతుంది. అనగా వెనుకటి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ. ఇంధనం అంతా ఆవిరైతే 20 డిగ్రీలు చల్లబడవలసిన పొడి గాలి ఇప్పుడు 26 డిగ్రీలు చల్లబడాలి. కార్బురెటరు మెడకు చెమట ఎక్కువైందని ఈ మధ్య అనిపించిన వారికి అది భ్రమ కాదు.

అయితే ఇక్కడ ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. ఇథనాలులో ప్రాణవాయువు ముందే ఉన్నది. అందుచేత అది మండటానికి తక్కువ గాలి చాలు. పాత జెట్టు మాత్రం వెనుకటి కొలతలోనే ఇంధనాన్ని ఇస్తుంది. ఫలితంగా మిశ్రమం ఏడెనిమిది శాతం పలుచనవుతుంది. ఈ పలుచన వల్ల కూడా ఇంజను తడబడుతుంది. చలి వల్ల వచ్చే తడబాటు ఇంజను కాగగానే పోతుంది. పలుచన వల్ల వచ్చేది మిట్టమధ్యాహ్నం కూడా ఉంటుంది. రెండో దానికి వేడి పలక మందు కాదు, కాస్త పెద్ద జెట్టు మందు. ఈ తేడా కనిపెట్టకుండా పలక వేయించి, ఫలితం లేదని మెకానిక్కును తిట్టిన వారిని నేను ఎరుగుదును.

ఇక పలక సంగతి. కార్బురెటరుకు, దాని కింది మానిఫోల్డుకు మధ్య అరంగుళం మందం గల అల్యూమినియం పలక బిగిస్తారు. మధ్యలో గాలి పోయే రంధ్రం, దాని చుట్టూ నీరు తిరిగే చిన్న కాలువ ఉంటాయి. ఇంజను నుండి రేడియేటరుకు పోయే వేడి నీటిలో కొంత సన్నని గొట్టం ద్వారా పలకలోకి తెచ్చి, తిరిగి నీటి పంపు పీల్చే వైపుకు కలుపుతారు. తడి పొర ఈ వేడి అంచు మీద పడి ఆవిరవుతుంది. ఇందుకు ఎంత వేడి కావాలి? సెకనుకు ఒక గ్రాము పెట్రోలు, గ్రాముకు 83 కెలోరీలు. దీనిని విద్యుత్తు భాషలో చెబితే సుమారు 350 వాట్లు. ఇథనాలు కలిసిన పెట్రోలుకు 450 వాట్లు. మన ఇంట్లో ఇస్త్రీ పెట్టె 750 వాట్లది అనుకుంటే, దానిలో సగానికి కాస్త అటూఇటూ. అదే సమయంలో ఆ ఇంధనం మండి ఇచ్చే శక్తి 40 కిలోవాట్ల పైన. అందులో నాలుగో వంతుకు తక్కువ కాకుండా నీటిలోకి పోయి రేడియేటరు దగ్గర వృథాగా గాలిలో కలుస్తున్నది. ఆ వృథాలో నూటికి నాలుగైదు పాళ్ళు తెచ్చుకుంటే మన పని జరిగిపోతుంది.

నీటినే ఎందుకు వాడాలి, పొగ గొట్టం ఇంకా వేడిగా ఉంటుంది గదా అని అడగవచ్చు. పొగ గొట్టం వేడికి హద్దు లేదు. బరువు లాగేటప్పుడు అది అనేక వందల డిగ్రీలకు పోతుంది. నీటి వేడిని థర్మోస్టాటు 80, 90 డిగ్రీల దగ్గర ఆపుతుంది. పైగా పొగ గొట్టానికి రేకు చుట్టి, ఇంట్లో తయారు చేసిన అతుకులతో పెట్రోలు దారిని దానికి ఆనించటం నిప్పుతో చెలగాటం. ఇట్లాంటి ఏర్పాటు ఎవరు చెప్పినా చేయించవద్దు. విద్యుత్తుతో వేడిచేసే పలకలు కూడా ఉన్నాయి. 1980ల నాటి కొన్ని యూరపు కార్లలో ముళ్ళపంది ఆకారంలో ముళ్ళున్న హీటరును మానిఫోల్డులో పెట్టారు. అయితే 12 వోల్టుల బ్యాటరీ నుండి 350 వాట్లు తీయాలంటే 29 ఆంపియర్లు కావాలి. పాత డైనమో ఉన్న బండికి అది మోయలేని భారం.

వేడి మంచిదైతే ఎక్కువ వేడి ఇంకా మంచిది కాదా? కాదు. వేడి చేయవలసింది తడిని గాని గాలిని కాదు. గాలి వేడెక్కితే వ్యాకోచించి పలుచనవుతుంది. 27 డిగ్రీల గాలిని 57కు తెస్తే, అదే సిలిండరులో పట్టే గాలి బరువు నూటికి తొమ్మిది పాళ్ళు తగ్గుతుంది. శక్తీ ఆ మేరకు తగ్గుతుంది. అంతేకాదు, వేడి మిశ్రమం ముందే అంటుకొని ఇంజను కొట్టుకోవటం మొదలవుతుంది. 1930లలో కెనడా దేశస్థుడైన చార్లెస్ నెల్సన్ పోగ్, పెట్రోలును పూర్తిగా వేడి ఆవిరిగా మార్చే కార్బురెటరుకు పేటెంట్లు తీసుకున్నాడు. గాలనుకు 200 మైళ్ళు ఇస్తుందని దాని పేర ప్రచారం జరిగింది. ఆ కథ ఇంకా అక్కడక్కడ వినబడుతూనే ఉన్నది. కాగిన ఇంజనులో పెట్రోలు దాదాపు అంతా ఎట్లాగూ మండుతూనే ఉన్నది; ముందుగా ఆవిరి చేసినంత మాత్రాన దానిలో లేని శక్తి ఎక్కడి నుండి వస్తుంది? పలక బిగిస్తే మైలేజి రెట్టింపు అనే మాట ఎవరన్నా, జేబు జాగ్రత్త చేసుకోవాలి.

మన ప్రాంతంలో అసలు చిక్కు వేసవిది. రోహిణీకార్తెలో గుడివాడ బస్టాండు దగ్గర బండి ఆపి, టీ తాగి వచ్చి తాళం తిప్పితే స్టార్టు కాదు. ఇంజను నడుస్తున్నంతసేపూ చల్లని పెట్రోలు వస్తూ కార్బురెటరును చల్లగా ఉంచింది. ఇంజను ఆపగానే ఆ రాక ఆగిపోయి, కింది నుండి వేడి పైకి ఎక్కుతుంది. ఫ్లోటు గదిలోని పెట్రోలు మరిగి మానిఫోల్డులోకి పొర్లుతుంది, లేదా పంపులోనే ఆవిరి బుడగ కట్టి పెట్రోలును రానివ్వదు. డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయటం ఇందుకే. అది మళ్ళీ గుప్తోష్ణమే. ఈసారి మన పక్షాన పనిచేస్తున్నది. ఈ కాలంలో కార్బురెటరు కింద కావలసింది వేడి పలక కాదు, వేడిని ఆపే పలక. విద్యుత్తు పనివారు హైలం అని పిలిచే బేకలైటు జాతి పలక అల్యూమినియం కంటే దాదాపు వెయ్యి రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. ఎన్నో ఇంజనులకు తయారీలోనే దీనిని వేసి ఇస్తారు. మరమ్మతులో అది విరిగితే, ఉత్త ప్యాకింగు కాగితంతో సరిపెట్టటం కనబడుతుంది. వేసవి కష్టాలు సగం అక్కడే పుడతాయి.

కాబట్టి వేడి పలక వేసుకునేవారు రెండూ వేసుకోవాలి. మానిఫోల్డు మీద వేడి పలక, దాని మీద హైలం పలక, ఆపైన కార్బురెటరు. అప్పుడు మెడలో పొర వేడెక్కుతుంది గాని ఫ్లోటు గది వేడెక్కదు. నీటి గొట్టానికి ఒక కుళాయి తప్పనిసరి. రెండు పలకల ఎత్తు పెరిగినందుకు పొడుగు స్టడ్లు వేయాలి, ఎక్సిలేటరు కడ్డీ సరిచేయాలి, బానెట్టు మూసినప్పుడు ఎయిర్ క్లీనరు తగలకుండా చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, పలకల ముఖాలు చదునుగా ఉండాలి. వెంట్రుకంత సందు ఉన్నా అక్కడ నుండి దొంగగాలి దూరి మిశ్రమాన్ని పలుచన చేస్తుంది. పోగొట్టదలచిన తడబాటు రెట్టింపు అవుతుంది.

సముద్రపు గాలి సంగతి కూడా చెప్పాలి. బందరు, నాగాయలంక, కోడూరు వైపు అల్యూమినియం పలకలో బిగించిన ఇనుప స్టడ్డు రెండేళ్ళలో పెళుసుబారి విడిరాకుండా పోవచ్చు. ఉప్పు తేమ తగిలిన రెండు వేరు వేరు లోహాలు చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియంను తినివేస్తాయి. మరలకు గ్రీజు పూయటం, రేడియేటరులో ఉప్పు బోరునీరు పోయకుండా కూలెంటు వాడటం దీనికి చాలినంత రక్షణ. దివిసీమలో బోరునీరు ఎట్లా ఉంటుందో అక్కడివారికి నేను చెప్పనక్కరలేదు.

ఇంతకూ మీ ఇంజనుకు ఈ పలక అవసరమా? చలికాలపు ఉదయం పదిహేను నిమిషాలు నడిపి, ఇంజను ఆపి, కార్బురెటరు కింది మెడను వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే మరేమీ చేయవద్దు. అప్పటికీ చల్లగా, తడిగా ఉంటే, ముందు పాత వేడి దారి మసితో మూసుకుపోయిందేమో చూపించండి. చాలా బండ్లకు అంతటితో సరిపోతుంది. అది లేని ఇంజనుకు మాత్రమే పలక. నీరు తిరగని చిన్న పంపులకు, స్కూటర్లకు, మందు కొట్టే యంత్రాలకు ఈ గొడవే వద్దు. వాటి మెడ పొట్టిది, కాగిన సిలిండరు పక్కనే ఉంటుంది. లోడు వేయకుండా ఐదు నిమిషాలు నడవనిస్తే చాలు. ఇక కారుకు పలక వేయించినవారు సంక్రాంతి దాటి, తెల్లవారి మంచు విడిచిన తరువాత ఆ కుళాయి కట్టివేసి, మళ్ళీ మార్గశిరం దాకా దాని జోలికి పోనక్కరలేదు.